ఏ పడవకీ చెందని మనిషి

మైపాడు వైపు పోయివచ్చిన వాళ్లంతా సముద్రం బాగుందంటారు. నేను మూడు రోజులు ఉండి వచ్చాను. సముద్రం ఎలా ఉందని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నేను మనుషుల్ని చూసి వచ్చాను, కోపం తెచ్చుకొని వచ్చాను. అది చల్లారక ముందే రాసేద్దామని కూర్చుంటే నెల పట్టింది. యాభై నాలుగేళ్లకి అక్షరాలు దిద్దినదాన్ని, నేను ఒక పేజీ నింపేలోగా కుండెడు అన్నం ఉడుకుతుంది. నెల గడిచినా కోపం మాత్రం అలాగే ఉంది, కాబట్టి నష్టమేమీ లేదు.

ముందు కావేరమ్మ ఎవరో చెప్పాలి. మాది బిట్రగుంట. రైల్వే కాలనీలో ఊడ్చే పని చేసి రిటైరయ్యాను. ఇరవై ఏళ్ల కిందట కావేరమ్మ సముద్రం పక్కన ఒక పాళెం నుంచి చేపల గంపతో మా స్టేషనుకి వచ్చేది. ఒకరోజు బండి ఆగకముందే దిగబోయి ప్లాట్‌ఫారం సందులో పడింది. చీపురు పక్కన పారేసి ఆమె తల ఒళ్లో పెట్టుకున్నది నేనే. రెండు కాళ్లూ మోకాళ్ల దగ్గర తీసేశారు. అప్పటి నుంచి ఆమె నాకు చెల్లెలు. తర్వాత మొగుడు సముద్రంలో పోయాడు. ఉన్న ఒక్క కూతురు పెళ్లయి ముత్తుకూరులో ఉంది. కావేరమ్మ పాళెంలోనే ఒంటరిగా ఉంటూ వలలు బాగుచేసి బతుకుతోంది.

పోయిన కార్తీకంలో తుఫాను వచ్చినప్పుడు ఫోను చేస్తే "బాగుండానక్కా" అంది. మొన్న ఎండాకాలంలో ఏదో మాట్లాడుతూ, "ఆ తుఫాను రోజు నేను ఇంట్లోనే ఉండిపోయినా గదా" అంది, పాలవాడు రాలేదన్నంత మామూలుగా. ఊరు ఊరంతా తుఫాను షెల్టరుకి పోయిందని అప్పుడే పేపర్లో చదివాను. ఫోను పెట్టేసి సంచి సర్దుకున్నాను.

ఆ పాళెం పేరు మాత్రం రాయను. రాస్తే మీరు తప్పంతా ఆ ఒక్క ఊరిదే అనుకుని మీ ఊళ్లో హాయిగా పడుకుంటారు.

బస్సులో సీటు

ప్యాసింజరులో పడుగుపాడు దాటి, పెన్నా వంతెన మీదుగా నెల్లూరు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. బస్టాండు బయట ఒకామె తాటి ముంజలు కొడుతోంది. డజను అరవై అంది. మా ఊళ్లో నలభై అన్నాను. "అయితే మీ ఊరు పోయి తిను పెద్దమ్మా, నేనొద్దన్నానా" అంది. నాకు ఆ మనిషి నచ్చింది. డజను కొన్నాను.

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నవాళ్లకి ఒక రోగం ఉంటుంది. కంటపడిన ప్రతి రాతా చదవాల్సిందే. మైపాడు బస్సులో ముందు సీటు పైన 'వికలాంగులకు' అని రాసి ఉంది. ఆ సీట్లో ఎద్దులాంటి మనిషి కాళ్లు బారచాపుకొని కూర్చున్నాడు.

"నీకేం పోయింది నాయనా? కాలా, కన్నా?" అని అడిగాను.

"నిద్ర పోయింది పెద్దమ్మా. రెండు రోజులైంది పడుకొని" అన్నాడు.

బస్సంతా నవ్వింది. అతను లేచి, "కూసో, నువ్వు కూసో" అన్నాడు. నాకు కోపమొచ్చి, "నాకు రెండు కాళ్లూ ఉన్నాయి, నాకు రాసిన సీటు కాదది" అన్నాను. అతను మళ్లీ కూర్చున్నాడు. నేను ఇందుకూరుపేట దాకా నిలబడే పోయాను. నా మోకాళ్లు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. కోపంలో కూడా కాస్త తెలివి ఉండాలని ఈ వయసులో తెలిసింది.

దారికి రెండు పక్కలా రొయ్యల గుంటలు. ఇరవై ఏళ్ల కింద నేను చూసినప్పుడు వరి ఉండేది.

మైపాడు దాటాక

మైపాడులో బస్సు దిగి ఆటో ఎక్కాను. తోలేవాడి పేరు శీనయ్య, మాటకారి. తీరం వెంట సరుగుడు చెట్లు వరుసలు వరుసలుగా పడిపోయి, వేళ్లు బయటపడి ఉన్నాయి.

"పోయిన తుఫానుకి పడినాయి. అంతకు ముందు దానికి ఆ ముందు వరస పడింది" అన్నాడు శీనయ్య. "మా చిన్నప్పుడు ఏడేళ్లకో ఎనిమిదేళ్లకో వచ్చేది. ఇప్పుడు చుట్టం మాదిరి, ఏడాదికోసారి పలకరించి పోతుండాది. అదో, ఆ అలలు ఇరుగుతుండాయే, ఆడ మా మేనత్త ఇల్లుండేది."

 తర్వాత ఆటో ఇసకలో దిగబడింది. నేను దిగి వెనకనుంచి తోయబోయాను.

"నువ్వు తొయ్యబాక పెద్దమ్మా, దిగితే చాలు. సగం బరువు పోయింది" అన్నాడు.

నిజమే, నేను దిగగానే ఆటో కదిలింది. చివరి ఫర్లాంగు నడిచాను.

కావేరమ్మ వాకిలి

అవి వేట నిషేధం చివరి రోజులు. చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలు పడవలు సముద్రంలోకి పోకూడదు. ఆ రోజుల్లోనే వలలు బాగుచేసుకుంటారు. కావేరమ్మ వాకిలి నిండా వలలే. పాళెంలోని ఎనిమిది పడవలవీ. కుప్ప మీద కుప్ప, నా భుజం ఎత్తున. వాటి మధ్యలో ఆమె కూర్చుని చెక్క సూదితో తెగిన వలకి కన్ను మీద కన్ను వేస్తోంది. నన్ను చూసి, "దీనక్కా! చెప్పకుండా వచ్చినావే, నేను పారిపోతానని భయమా?" అని నవ్వింది.

పందిరి కింద మూడు చక్రాల బండి ఉంది, సర్కారు ఇచ్చింది. అందులో కోడి పొదుగుతోంది. "దీంట్లో తిరగవా?" అంటే, "ఇసకలో చక్రం తిరగదక్కా. ఇచ్చేటప్పుడు సిమెంటు నేల మీద ఫొటో తీసినారు. ఆ ఫొటోలో మాత్రం బాగా తిరిగింది" అంది. ఆమె చేతుల మీదే కదులుతుంది. కింద లారీ టైరు ముక్క కట్టుకుంటుంది.

వేట లేని రోజులు కాబట్టి పచ్చి చేప లేదు. ఎండు నెత్తళ్లు మామిడికాయతో పులుసు పెట్టింది. మేము బిట్రగుంటలో నెత్తళ్లు వేయించి వేస్తాం. వీళ్లు వేడినీళ్లలో కడిగి నేరుగా పులుసులో వేస్తారు. ఇదే బాగుంది, ఒప్పుకోవాలి. రెండోసారి అన్నం పెట్టుకున్నాక అడిగాను, ఆ రోజు ఏం జరిగిందని.

"జరిగేదేముందక్కా. పొద్దున్నే సైరన్ మోగింది. మైకులో చెప్పినారు. నేను మూట కట్టుకొని గడప మీద కూసున్నా. ట్రాక్టరు జనాన్నెక్కించుకొని ఈ దోవనే పోయింది, ఎనిమిది తూర్లు. సుందరమని ఒక పడవ పెద్ద, ఆయన జట్టు పోయేటప్పుడు నేను చెయ్యూపినా, ఆగమని. సుందరం పెళ్లాం కూడా నాకు చెయ్యూపింది, పోయొస్తామని."

"అరవలేదా?"

"ఆ గాలిలో ఎవురికినపడద్ది? మజ్జాన్నానికి ఇంట్లోకి నడుం దాకా నీళ్లొచ్చినాయి. నా నడుమంటే నీ మోకాలులే, భయపడబాక. తుఫానని వేట ఆపి, బాగుకని నా ఇంట్లో పడేసిపోయిన వలల కుప్ప ఎక్కినా. కుప్ప కూడా తేలతా ఉండాది. తాడు తీసుకొని కుప్పని గుంజకి కట్టినా. ఆ తాడు కొసకే నన్నూ కట్టుకున్నా. మర్నాడు పొద్దుటి దాకా అట్టనే."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "మర్నాడు ముందు ఎవరొచ్చారు?"

"సుందరం."

"ఏమన్నాడు?"

ఆమె దారం పంటితో కొరికింది. "'వలలుండాయా కావేరమ్మా' అన్నాడు."

వేలం షెడ్డు గోడ

రెండోరోజు పొద్దున నేను ఊరంతా తిరిగి బోర్డులు చదివాను. చేపలు వేలం వేసే షెడ్డు గోడకి ఒక కాగితం అంటించి ఉంది. పైన 'తుఫాను రక్షణ జాబితా' అని ఉంది. కింద ఎనిమిది పడవల పేర్లు, ప్రతి పడవ కిందా ఇళ్ల పేర్లు. వేలు పెట్టి పై నుంచి కిందకి చదివాను. కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ చదివాను. కావేరమ్మ పేరు లేదు.

షెడ్డులో ముసలాయన ఒకడు పేక ముక్కలు పేర్చుకుంటున్నాడు. అడిగితే చెప్పాడు. ఈ ఊళ్లో అన్నీ పడవ లెక్కనే. చేపలో వాటా పడవ లెక్క, జాతరలో పని పడవ లెక్క, తుఫాను వస్తే షెల్టరుకి పోవడం కూడా పడవ లెక్క. ఊరికి ఒకటే ట్రాక్టరు, పడవల్ని ఇసక మీదకి లాగేది. ఏ పడవ జట్టు ముందు ఎక్కాలో చీటీలు వేస్తారు. ఎవరి జట్టుని వాళ్ల పడవ పెద్ద ఎక్కిస్తాడు, షెల్టరులో లెక్క చూసుకుంటాడు.

"మరి ఇంట్లో పడవకి పోయే మగవాడు లేకపోతే?"

ఆయన ముక్క ఒకటి చేతిలో పట్టుకొని ఆలోచించాడు. "అట్టాంటి ఇళ్లు మా ఊళ్లో ఏముండాయిలేమ్మా" అన్నాడు.

ఆయన కూర్చున్న చోటు నుంచి కావేరమ్మ ఇంటి కప్పు కనపడుతోంది.

మా కాలనీలో వరద నీళ్లు వచ్చినప్పుడు మేస్త్రీ క్వార్టర్ల నెంబర్ల వరుసన తలుపు తలుపూ కొట్టుకుంటూ వచ్చేవాడు. నోరు విప్పితే బూతులే, మనిషి మంచివాడేమీ కాదు. కానీ తలుపు ఉంటే కొట్టేవాడు. లోపల గ్యాంగ్‌మనున్నాడా, ముసలమ్మ ఉందా, మంచం దిగలేని మనిషి ఉందా అని అడిగేవాడు కాదు. మాది తలుపు లెక్క. అదేదో గొప్ప సంగతని నాకు ఆ గోడ ముందు నిలబడేదాకా తెలియదు.

ఆ సాయంత్రం కావేరమ్మతో అన్నాను. "రేపు పెద్దలు కూర్చుంటారటగా, కొత్త చీటీలు వెయ్యడానికి. పోదాం పద."

"ఆడోళ్లు పోకూడదక్కా. పడవకొక మగోడు కూసుంటాడు, అంతే."

"నేను ఈ ఊరి ఆడదాన్ని కాదుగా. నీకు తోడు కావాలని నిన్ను తీసుకుపోతాను."

ఆమె సూది పక్కన పెట్టింది. "ఇంకో తుఫానొస్తే అంతసేపు కుప్ప మీద ఉండలేనక్కా. చేతుల్లో బలం తగ్గింది" అంది.

పెద్దలు కూర్చున్నచోట

మూడోరోజు పొద్దున మూడు చక్రాల బండిలోంచి కోడిని దింపి కావేరమ్మని ఎక్కించాను. నాలుగు బారలు తోశాను. ముందు చక్రం ఇసకలో దిగి బండి పక్కకి ఒరిగింది, ఆమె బయటపడింది, నేను ఆమె మీద పడ్డాను. ఇద్దరం ఇసక దులుపుకున్నాం. "అందుకే కోడికిచ్చినా" అంది. మిగతా దూరం ఆమె చేతుల మీద వచ్చింది, నేను పక్కన నడిచాను. ఆ ఇసక అప్పటికే కాలుతోంది.

షెడ్డు నీడలో ఎనిమిది మంది పడవ పెద్దలు, మధ్యలో పెద్దకాపు. ఈ ఊరికి ఆయన మాటే కోర్టు. మమ్మల్ని చూసి అందరూ మాటలు ఆపారు.

"ఏం కావేరమ్మా, వలలేమన్నా తక్కువొచ్చినాయా?" అన్నాడు సుందరం.

చూశారా, మళ్లీ వలలే. నేను ముందుకి పోయి గోడ మీద కాగితం చూపించాను. "దీంట్లో ఈమె పేరు ఎక్కడుంది? ఈమె ఏ పడవ?"

సుందరం నలభై ఏళ్లవాడు, మొహం చూస్తే మెత్తనివాడే. "అక్కా, మా జట్టులో పదకొండిళ్లు. పదకొండిళ్లూ షెల్టరుకొచ్చినాయి. అందరూ అంతే. ఎవురి లెక్కా తప్పలేదు" అన్నాడు.

అతను అబద్ధం చెప్పడం లేదు. నాకు ఎక్కువ మండింది అందుకే. ఎనిమిది లెక్కలూ సరిపోయాయి, షెల్టరులో అందరూ ఊపిరి పీల్చుకున్నారు, ఆఫీసరు అందరూ క్షేమమని రాసుకొని పోయాడు. ఒక మనిషి గుంజకి కట్టుకొని నీళ్లలో ఉంది.

"ఈసారి ఎవురో ఒకరం తెస్తాంలేమ్మా" అన్నాడు పెద్దకాపు.

"ఎవరో ఒకరంటే ఎవరు? పేరు చెప్పండి."

"అందరం చూసుకుంటాం."

"పోయినసారి కూడా అందరూ ఉన్నారు గదయ్యా!"

"ప్రాప్తం బాగుంది, బతికింది. గంగమ్మ తల్లి చూసింది" అన్నాడు ఇంకొకాయన.

"గంగమ్మ మీద పెట్టొద్దు. మీ తల్లి అయినా మా ప్రభువైనా మనుషుల్ని చూస్తారు గాని, ట్రాక్టరు తోలరు" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

పెద్దకాపు చెయ్యెత్తాడు. "సరే, సుందరం జాబితాలో చివర రాయండి."

అప్పుడు కావేరమ్మ నోరు తెరిచింది. ఆ చోట ఆమె మాట్లాడటం అదే మొదలు. "నేనొక్కదాన్నే అయితే రాయొచ్చు సామీ. చూపులేని అంకయ్య మామ ఏ పడవ? కొడుకు చెన్నై పోయినాక ఆయన్ని ఎవురు రాసుకున్నారు? నాగమ్మ కూతురికి చెవులినపడవు. సైరన్ మోగినా, మైకు అరిచినా ఆ పిల్లకి తెలవదు. పోయిన తూరి మొక్కుబడికని తల్లి వేరే ఊరు తీసకపోబట్టి బతికింది. మూర్ఛలొచ్చే శేషమ్మ, పక్షవాతమొచ్చిన కోటయ్య..." వేళ్లు మడిచి చెప్పుకుంటూ పోయింది. తనతో కలిపి ఏడుగురు. వాళ్లంతా పగలు ఆమె వాకిట్లో కూర్చుని దారం చుట్టేవాళ్లే, అందుకే ఆమెకి తెలుసు. పోయినసారి మిగతావాళ్లని పక్కింటివాళ్లెవరో దయతలిచి ట్రాక్టరెక్కించారట, జాబితాలో మాత్రం ఒక్కరి పేరూ లేదు. "మా ఏడుగుర్నీ ఒక్క జట్టుగా రాయండి. మొదటి ట్రిప్పు మాకియ్యండి. ఎక్కడానికి మాకు ఎక్కువసేపు పడద్ది, గాలి ముదరకముందే ఎక్కాల."

షెడ్డులో గోల లేచింది. మొదటి ట్రిప్పు ఎవరు వదులుకుంటారు? చీటీ కట్టుబాటు తాతల నాటిది. పిలకాయలున్న జట్లు ఏమైపోవాలి? పడవే లేనివాళ్లకి మొదటి చీటీ ఏంది?

కావేరమ్మ అరవలేదు. "అయితే సాయంత్రంలోగా మీ వలలు తీసుకొని పోండి" అంది.

గోల ఆగింది.

"ఇంక పది రోజుల్లో వేటకి పోవాల గదా. సగం వలలు కూడా కాలేదు. తీసకపోయి ఎవురి వల వాళ్లు కుట్టుకోండి. పోయిన తూరి కాపాడినా. నేను ఏ పడవ మనిషినీ కానప్పుడు పడవల వలలు నా ఇంట్లో ఎందుకు?"

పెద్దకాపు ఎనిమిది మొహాలూ చూశాడు.  చివరికి "రాయండి" అన్నాడు. రాసే కుర్రవాడు పట్నం పోయాడట. కాగితం నా ముందుకి తోశారు. నేనే రాశాను, అందరికంటే పైన, ఏడు పేర్లు. కోటయ్య పేరులో ఓత్వం రెండుసార్లు కొట్టేసి రాశాను. ఎవరూ తొందరపెట్టలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నేను అబద్ధం రాసినట్టు. వాళ్లు మనిషి ప్రాణానికి ఒప్పుకోలేదు, వలలకి ఒప్పుకున్నారు. అదే మాట దారిలో కావేరమ్మతో అన్నాను. "ఎందుకొప్పుకుంటే నాకేందక్కా, ట్రాక్టరు నా గడప కాడికి రావాల" అంది. తర్వాత చటుక్కున ఆగి వెనక్కి తిరిగింది. "మాట ఎందుకు? ఇప్పుడే రమ్మను. ఎక్కించమను. చూద్దాం."

షెల్టరు

ట్రాక్టరు వచ్చింది, వెనకే పడవ పెద్దలూ పెద్దకాపూ. వెనక కట్టిన ట్రక్కు పలక నా ఛాతీ ఎత్తున ఉంది. సుందరం, ఇంకొకతను ఆమె చంకల కింద చేతులు వేసి లేపబోయారు. కావేరమ్మ కేక పెట్టింది. "బస్తా కాదురా! భుజాలు ఊడొస్తుండాయి!" వాళ్లు దింపేశారు. రెండు టన్నుల పడవని ఇసక మీద నడిపించే మగవాళ్లు, ఒక మనిషిని ఎలా ఎత్తాలో తెలియక చేతులు తుడుచుకుంటూ నిలబడ్డారు. చివరికి ఆమే చెప్పింది, వల ముక్కని నాలుగు మడతలు వేసి కింద పరిచి, నాలుగు మూలలూ నలుగురు పట్టుకోమని. అప్పుడు సులువుగా లేచింది.

షెల్టరు ఊరికి కిలోమీటరు దూరం. స్తంభాల మీద కట్టిన పెద్ద భవనం, ముందు నిటారుగా మెట్లు. పక్కన 'దివ్యాంగుల ర్యాంపు' అని బాణం గుర్తు ఉంది. బాణం వెంట పోయాం. ర్యాంపు ఉంది, నున్నగా, కమ్మీలతో సహా ఉంది. కానీ తుఫానుకి కింద ఇసక కోసుకుపోయి, దాని మొదలు నేలకి రెండడుగుల పైన గాలిలో ఉంది. అందరూ మెట్ల మీద ఎక్కి దిగే మనుషులు. ఇన్ని నెలల్లో ఒక్కరి కన్నూ అటు పడలేదు. చెక్ చేసి పోయిన ఆఫీసరు కన్ను కూడా పడలేదు.

పెద్దకాపు ఆ సందులో కర్ర పెట్టి చూశాడు. 

ఎవరో పోయి పడవ బల్లలు రెండు తెచ్చి ఆనించారు. మళ్లీ వల పట్టబోతే కావేరమ్మ వద్దంది. టైరు ముక్క సర్దుకొని, కమ్మీ పట్టుకొని తనే ఎక్కడం మొదలుపెట్టింది. చెయ్యి, నడుము, చెయ్యి, నడుము. నేను వెనకే నడిచాను. మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకుంది. పైకి చేరి, వసారాలో గోడకి ఆనుకొని, అరచేతుల ఇసక దులుపుకుంది. అక్కడి నుంచి పాళెం మొత్తం కనపడుతుంది. ఆమె దాన్ని ఆ ఎత్తు నుంచి ఎప్పుడూ చూడలేదు.

కింద మగవాళ్లు పని అయిపోయినట్టు తువ్వాళ్లు దులిపారు. ఒకరిద్దరు ఊరి వైపు తిరిగారు, చీటీలు ఇంకా వెయ్యాలి.

"యాడికి పోతుండారు?" అని పైనుంచి అరిచింది కావేరమ్మ. ఈసారి గాలి లేదు, అందరికీ వినపడింది. "నేనొకదాన్నే వచ్చినా. ఇంకా ఆరుగురుండారు. పోయి తెండి."

సుందరం పెద్దకాపు వైపు చూశాడు. పెద్దకాపు ర్యాంపు వైపు చూస్తున్నాడు. సుందరం వల ముక్క దులిపి భుజాన వేసుకొని ట్రాక్టరెక్కాడు.